యుద్ధకాలమున ఎదిగిన చలనచిత్ర మండలి

యుద్ధమునకు సైనికు లొక్కరే చాలరు. పంట పండించు రైతులు, కర్మాగారములలో శ్రమించు స్త్రీపురుషులు కూడ కావలెను. తామేల పాటుపడవలెనో వారికి తెలియజెప్పుట యెట్లు? రెండవ ప్రపంచయుద్ధ కాలమున కెనడా ప్రభుత్వము ఈ కార్యమునకు చలనచిత్రమును సాధనముగా గైకొనెను.

1939 మే నెలలో కెనడా పార్లమెంటు చట్టము చేసి జాతీయ చలనచిత్ర మండలిని స్థాపించెను. ప్రభుత్వ చిత్రములను గూర్చి సలహా లిచ్చుటయే మొదట దాని పని. సెప్టెంబరులో కెనడా యుద్ధమున ప్రవేశించెను. అక్టోబరులో స్కాట్లండు దేశీయుడగు జాన్ గ్రియర్సన్ మండలికి అధిపతి యయ్యెను. 1941లో ప్రభుత్వ చిత్రనిర్మాణ శాఖయు అందు విలీనమయ్యెను. మండలి స్వయముగా కూడ చిత్రములు తీసెను. ఆ సంవత్సరము నిర్మించిన ‘చర్చిల్స్ ఐలండ్’ అను చిత్రమునకు ఆస్కారు బహుమతి లభించెను. కొలదిమందితో ప్రారంభమైన ఆ సంస్థలో 1945 నాటికి దాదాపు 800 మంది పనిచేయుచుండిరి.

చిత్రములు తీసిన చాలునా? సినిమాశాలలు లేని గ్రామములు ఆ విశాలదేశమున అనేకము కలవు. అందుచే 1942 నుండి మండలి ఉద్యోగులు ప్రొజెక్టరును, తెరను బండిలో వేసికొని ఊరూర తిరిగిరి. విద్యుచ్ఛక్తి లేనిచోటికి జనరేటరును తీసికొనిపోయిరి. పగలు బడిపిల్లలకును, రాత్రి పెద్దలకును చిత్రములు చూపిరి. ప్రదర్శన ముగిసిన పిదప గ్రామస్థులు తాము చూచిన విషయమును చర్చించుకొనెడివారు.

అయినను ఈ చరిత్రకు మరియొక ముఖము కలదు. 1942లో కెనడా ప్రభుత్వము పశ్చిమతీరమున నివసించు జపాను సంతతివారిని ఇరువదివేలకు పైగా ఇండ్లనుండి వెడలగొట్టి శిబిరములకు పంపెను. వారిలో పెక్కురు కెనడాలోనే పుట్టినవారు. 1945లో మండలి తీసిన ‘ఆఫ్ జపనీస్ డిసెంట్’ అను చిత్రము ఆ శిబిరజీవితమును సుఖమయముగా చూపెను. వారు కోల్పోయిన ఇండ్లను, స్వేచ్ఛను గూర్చిన వేదనను చూపలేదు. 1988లో కెనడా ప్రభుత్వము ఆ అన్యాయమునకు క్షమాపణ చెప్పెను.

మండలి నేటికిని చిత్రములు నిర్మించుచునే యున్నది. మారుమూల పల్లెకు లోకజ్ఞానమును కొనిపోయిన తెరయే పొరుగువాని దుఃఖమును మరుగుపరుపనుగలదని దాని యుద్ధకాల చరిత్ర తెలుపుచున్నది. కావున చిత్రము చూచునప్పుడు, ఇందు ఎవరి మాట వినబడినది, ఎవరి మాట వినబడలేదు అని ప్రశ్నించుకొనుట ప్రేక్షకుని ధర్మము.