పాఠం 14: మౌల్డింగు తయారీకి మర, కటరుహెడ్డు ఎంపిక

14.1 పరిచయం

మీ ఇంటి ద్వారబంధాన్ని ఒకసారి చూడండి. చట్రానికి, గోడకు మధ్య సందు కనబడకుండా వంపులు, గాళ్లు తీర్చిన కలప పట్టీ బిగించి ఉండవచ్చు. ఇలా నిర్ణీత ఆకారంలో తీర్చిన పట్టీని మౌల్డింగు అంటారు. వాడుకలో దీనిని బీడింగు అని కూడా అంటారు.

పూర్వం వడ్రంగులు ఈ ఆకారాలను చేతి చిత్రికతో తీసేవారు. ఒక్కో ఆకారానికి ఒక్కో చిత్రిక ఉండేది. ఇప్పుడు అదే పనిని వేగంగా తిరిగే కటరుహెడ్డు చేస్తుంది. చేతి చిత్రిక జారితే చెక్క పాడవుతుంది. నిమిషానికి 6000 సార్లు తిరిగే హెడ్డు నుంచి కత్తి ఊడితే ప్రాణానికే ముప్పు. కాబట్టి హెడ్డు ఎంపిక అందానికి, ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు.

14.2 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పని పరిమాణాన్ని బట్టి తగిన మరను ఎంచుకోగలుగుతారు.
- కటరుహెడ్లలోని రకాలను గుర్తించగలుగుతారు.
- కత్తి అంచు వేగాన్ని, కత్తి గుర్తుల దూరాన్ని లెక్కకట్టగలుగుతారు.

14.3 ముందు మీటర్లు లెక్కపెట్టండి

చాలామంది ముందు మర కొని, తరువాత పని వెతుక్కుంటారు. ఇది అప్పుల పాలు చేసే పద్ధతి. ముందుగా ఎన్ని మీటర్ల పట్టీ కావాలో, ఎన్ని ఆకారాలు కావాలో లెక్క వేయాలి.

ఉదాహరణ: ఒక ఇంటికి 8 తలుపులు ఉన్నాయి. ఒక్కో తలుపు ఎత్తు 2.1 మీ., వెడల్పు 1 మీ. ఒక వైపుకు 2.1 + 2.1 + 1 = 5.2 మీ. పట్టీ కావాలి. రెండు వైపులకు 10.4 మీ. 8 తలుపులకు 83.2 మీ. వృథాతో కలిపి 90 మీ. అనుకుందాం. నిమిషానికి 6 మీ. చొప్పున నడిపితే ఒకసారి కోయడానికి 15 నిమిషాలు పడుతుంది. లోతైన ఆకారమై రెండుసార్లు పంపినా అరగంట చాలు.

అంటే ఇలాంటి చిన్న పనిలో కోత సమయం తక్కువ. కత్తులు బిగించి, కొలత సరిచూసి, తుక్కు చెక్కపై పరీక్షించే సమయమే ఎక్కువ. ఆకారాలు తరచు మారే దుకాణానికి త్వరగా సర్దుకునే మర కావాలి. ఒకే ఆకారం వేల మీటర్లు తీసేవారికి వేగంగా కోసే మర కావాలి.

14.4 మూడు రకాల మరలు

(అ) చేతి రౌటరు: చిన్న బిట్టుతో అంచులు గుండ్రం చేయడానికి, సన్నని గాళ్లు తీయడానికి పనికివస్తుంది. పెద్ద మౌల్డింగులకు దీనికి బలం చాలదు.

(ఆ) స్పిండిల్ మౌల్డరు: బల్ల మధ్య నుంచి పైకి నిలిచిన ఇరుసుకు హెడ్డు బిగిస్తారు. హెడ్డు తిరిగే దిశకు ఎదురుగా చెక్కను నడపాలి. అదే దిశలో నడిపితే హెడ్డు చెక్కను లాక్కుపోతుంది, దానితోపాటు చేయి కూడా పోవచ్చు. చెక్కను ముందే చదును చేసి, కొలతకు చీల్చి తేవాలి. చక్రాలతో చెక్కను నడిపే ఫీడరు అమర్చుకుంటే చేతులు కత్తికి దూరంగా ఉంటాయి. కోత కూడా సమంగా వస్తుంది.

(ఇ) నాలుగు ముఖాల మౌల్డరు: గరుకు చెక్క ఒక వైపు వెళ్లి, నాలుగు ముఖాలూ పూర్తయిన పట్టీగా మరో వైపు వస్తుంది. చిత్రిక పని కూడా ఇందులోనే అయిపోతుంది. అయితే ప్రతి హెడ్డును విడిగా సర్దాలి. అనేక మోటార్లు, మూడు ఫేజుల విద్యుత్తు, పొట్టు లాగే ఏర్పాటు ఉండాలి. రోజూ ఎక్కువ మీటర్ల పని ఉంటేనే ఇది గిట్టుబాటు.

14.5 కటరుహెడ్డు రకాలు

1. పళ్ల వీపు కత్తుల హెడ్డు: కత్తి వెనుక భాగంలోని సన్నని పళ్లు హెడ్డులోని పళ్లలో ఇమిడిపోతాయి. కత్తి బయటికి జారదు. ఖాళీ ఉక్కు పలకను కావలసిన ఆకారంలో సాన పట్టుకోవచ్చు. పాత ఇంటి పట్టీకి జోడు చేయవలసి వస్తే ఇదే అనుకూలం.

2. లిమిటరు హెడ్డు: రంధ్రాలున్న కత్తులు హెడ్డులోని పిన్నులకు తగులుకుంటాయి. కత్తికి ముందు లిమిటరు పలక ఉంటుంది. కత్తి దానికన్నా సుమారు 1.1 మి.మీ. మాత్రమే ముందుకు ఉండటం వల్ల ఒక్కసారిగా లోతుగా కొరకదు. చెక్క వెనక్కి తన్నే ప్రమాదం తగ్గుతుంది. ఐరోపా ప్రమాణం ప్రకారం, చేతితో నడిపే పనికి తగిన హెడ్లపై ‘మాన్’ అనే గుర్తు ఉంటుంది.

3. అతికించిన కార్బైడు ముక్కల కటరు: ఆకారం మారదు. ఒకే ఆకారం ఎక్కువ కాలం తీసేవారికి మంచిది.

నున్నని కత్తులను కేవలం బోల్టు బిగింపుతో పట్టి ఉంచే పాత పలకల హెడ్లను చవకగా దొరికినా కొనకండి. బోల్టు వదులైతే కత్తిని ఆపేది ఏదీ ఉండదు.

కత్తి లోహం విషయంలో ఒక మాట. టేకులో ఇసుక స్వభావం గల సిలికా ఉంటుంది. అది హైస్పీడు ఉక్కు అంచును త్వరగా మొద్దు చేస్తుంది. టేకు, ప్లైవుడ్డు, ఎమ్.డి.ఎఫ్. ఎక్కువగా కోసేవారికి కార్బైడు ఖరీదైనా లాభమే.

14.6 వేగం, బలం

కత్తి అంచు వేగం = 3.14 × వ్యాసం (మీటర్లలో) × నిమిషానికి భ్రమణాలు ÷ 60

140 మి.మీ. హెడ్డు 6000 భ్రమణాల వద్ద సెకనుకు సుమారు 44 మీ. వేగంతో కోస్తుంది. సాధారణంగా 40 నుంచి 70 మీ. మధ్య ఉండాలి. ఇదే హెడ్డును 12000 వద్ద తిప్పితే వేగం 88 మీ. అవుతుంది. అది ప్రమాదకరం. 20 మి.మీ. రౌటరు బిట్టు 6000 వద్ద 6 మీ. వేగమే ఇస్తుంది. అందుకే రౌటరు ఎక్కువ భ్రమణాలతో తిరుగుతుంది.

ఇప్పుడు 50 గ్రా. కత్తిని తీసుకోండి. దాని బరువు కేంద్రం ఇరుసుకు 60 మి.మీ. దూరంలో ఉందనుకుందాం. 3000 భ్రమణాల వద్ద అది సుమారు 30 కిలోల బరువు లాగినంత బలంతో బయటికి లాగుతుంది. 6000 వద్ద ఆ బలం 120 కిలోలకు చేరుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుందని గమనించండి. అందువల్ల హెడ్డుపై చెక్కిన గరిష్ఠ భ్రమణాల సంఖ్యను ఎన్నడూ మించరాదు. ఆ సంఖ్య లేని హెడ్డును మరకు ఎక్కించరాదు. జత కత్తులు ఒకే బరువు ఉండాలి. త్రాసులో తూచి చూడండి.

14.7 నునుపు

రెండు కత్తులున్నా, కాస్త ముందుకు వచ్చిన ఒక్క కత్తే చివరి గుర్తు వేస్తుంది. కాబట్టి:

గుర్తుల దూరం (మి.మీ.) = నిమిషానికి నడిచే చెక్క (మి.మీ.) ÷ నిమిషానికి భ్రమణాలు

నిమిషానికి 6 మీ. నడిపితే 6000 ÷ 6000 = 1 మి.మీ. 12 మీ. నడిపితే 2 మి.మీ. అవుతుంది, అలలు కంటికి కనిపిస్తాయి. 1.5 మి.మీ. లోపు ఉంటే గరుకు కాగితం పని తగ్గుతుంది. అలాగని మరీ నెమ్మదిగా నడపకూడదు. కత్తి కోయడం మాని రాసుకుంటుంది. చెక్క మాడుతుంది.

పాఠ్యాంశంలోని ప్రశ్నలు

1. 100 మి.మీ. హెడ్డు 9000 భ్రమణాల వద్ద అంచు వేగం ఎంత?
2. 6000 భ్రమణాల వద్ద నిమిషానికి 9 మీ. నడిపితే గుర్తుల దూరం ఎంత?
3. మీ మర వేగాలు 4500, 6000, 9000. హెడ్డుపై 7000 అని ఉంది. ఏ వేగాలు వాడవచ్చు?

జవాబులు: 1. సెకనుకు సుమారు 47 మీ. 2. 1.5 మి.మీ. 3. 4500, 6000 మాత్రమే.

14.8 మీరు నేర్చుకున్నది

ముందు మీటర్లు, తరువాత మర, ఆపైన హెడ్డు. మర మీట నొక్కే ముందు మాత్రం హెడ్డుపై ఉన్న సంఖ్యను, ఇరుసు వేగాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఈ ఒక్క అలవాటు మీ చేతులను కాపాడుతుంది.

చేసి చూడండి: మీ దగ్గరలోని వడ్రంగి దుకాణానికి వెళ్లి, ఆగి ఉన్న మర హెడ్డు వ్యాసం, దానిపై గుర్తులు, ఇరుసు వేగం రాసుకోండి. అంచు వేగాన్ని లెక్కకట్టి, ఆ దుకాణదారుకు చూపించండి.