అడగని పేజీలు తెరుచుకుంటున్నాయా? అనుమతులే అసలు చిక్కు

* బ్రౌజర్ మొరాయిస్తే వరుసగా చూడవలసినవి ఇవే
* తెరపై కనిపించే నంబరుకు ఫోన్ చేస్తే మొదటికే మోసం

పరీక్షా ఫలితాల కోసం ఒక పేజీ తెరిస్తే పందేల ఆటల ప్రకటనలు నాలుగు ప్రత్యక్షమవుతాయి. వాటిని మూసేలోగా మరో రెండు వస్తాయి. ఇంతలో మౌస్ బాణం కదలదు, తెర స్తంభించిపోతుంది. దరఖాస్తుకు చివరి తేదీ నాడు ఇళ్లలోనూ, నెట్ సెంటర్లలోనూ ఎదురయ్యే ఇబ్బంది ఇది. కంప్యూటర్ పాడైందని భావించి కొందరు దాన్ని మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తారు. అక్కడ ఫార్మాట్ చేయిస్తే దాచుకున్న ఫొటోలు, పత్రాలు పోయే ప్రమాదం ఉంది. నిజానికి చాలా సందర్భాల్లో ఈ రుగ్మతకు మూలం వినియోగదారుడు తెలియక ఇచ్చిన అనుమతులే. వాటిని వెనక్కి తీసుకోవడానికి పైసా ఖర్చు కాదు. వరుస తప్పకుండా వెతకడమే ముఖ్యం.

ముందుగా తెర నుంచి బయటపడాలి

'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అంటూ తెరంతా ఎర్రటి హెచ్చరిక పరుచుకుంటే కంగారు పడకూడదు. అది కేవలం ఒక వెబ్ పేజీ. తెరను పూర్తిగా ఆక్రమించి, మూసివేసే గుర్తు కనిపించకుండా చేస్తుంది. ఎస్కేప్ మీటను కొద్దిసేపు నొక్కి పట్టుకోవాలి, లేదా ఎఫ్11 నొక్కాలి. ఫలితం లేకుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ పేరును ఎంచుకుని 'ఎండ్ టాస్క్' నొక్కితే సరిపోతుంది. తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలను 'రిస్టోర్' చేయాలా అని అడిగితే ఒప్పుకోరాదు. ఒప్పుకుంటే అదే హెచ్చరిక మళ్లీ తిష్ఠ వేస్తుంది.

తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఎన్నడూ ఉండవని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. నంబరు కనిపించిందంటేనే అది మోసమని గ్రహించాలి. ఫోన్ చేసినవారి చేత దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే యాప్‌ను వేయించి, బ్యాంకు వివరాలు రాబట్టడం ఈ ముఠాల పద్ధతి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులపై 2023 అక్టోబరులో సీబీఐ పలు రాష్ట్రాల్లో ఇలాంటి నకిలీ కాల్ సెంటర్లపై దాడులు జరిపింది.

మొదటి అనుమానం నోటిఫికేషన్లపైనే

తెర కుడివైపు మూలన పదే పదే ప్రకటనలు వస్తుంటే నోటిఫికేషన్లను అనుమానించాలి. వార్తలు, సందేశాలు అందించేందుకు క్రోమ్ 2015లో వెబ్‌సైట్లకు ఈ సదుపాయం కల్పించింది. దాన్నే ప్రకటనల ముఠాలు వాడుకుంటున్నాయి. 'మీరు మనిషేనని నిరూపించుకోవడానికి అలో నొక్కండి', 'వీడియో చూడాలంటే అలో నొక్కండి' అని నమ్మబలుకుతాయి. ఒక్కసారి నొక్కితే చాలు, ఆ సైటును మూసివేసినా ప్రకటనలు వస్తూనే ఉంటాయి. ఇది వైరస్ కానందున యాంటీవైరస్‌తో వెతికినా దొరకకపోవచ్చు.

క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు వెళ్లాలి. అనుమతి పొందిన సైట్ల జాబితా అక్కడ ఉంటుంది. పరిచయం లేని ప్రతి పేరునూ తొలగించాలి. ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ దాదాపు ఇలాంటి జాబితాయే ఉంది.

తర్వాత ఎక్స్‌టెన్షన్లు

నోటిఫికేషన్లు తీసినా కొత్త పేజీలు తెరుచుకుంటుంటే ఎక్స్‌టెన్షన్లను చూడాలి. బ్రౌజర్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములివి. వీడియోలు దించుకోవడానికో, పీడీఎఫ్ మార్చుకోవడానికో వేసుకున్నవి తెరిచిన ప్రతి పేజీనీ చదివే అధికారం పొంది ఉండవచ్చు. మొదట మంచిగా ఉన్న ఎక్స్‌టెన్షన్ సైతం చేతులు మారాక ప్రకటనలు చొప్పించిన ఉదంతాలున్నాయి. అన్నింటినీ ఒకేసారి నిలిపివేసి, ఒక్కొక్కటిగా తిరిగి ప్రారంభిస్తూ గమనిస్తే దోషి బయటపడుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ కింద ఉన్న 'ట్రబుల్‌షూట్ మోడ్' ఎక్స్‌టెన్షన్లు లేకుండానే బ్రౌజర్‌ను తెరుస్తుంది.

ప్రారంభ పేజీ, వెతికే యంత్రం మారిపోయాయేమో కూడా సెట్టింగ్స్‌లో పరిశీలించాలి. సరిచేసిన మర్నాడే అవి మళ్లీ మారితే బ్రౌజర్ వెలుపల ఏదో ప్రోగ్రాం పనిచేస్తోందని అర్థం.

ఉచితం వెంట వచ్చిన అతిథులు

ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు చదవకుండా 'నెక్స్ట్' నొక్కుతూ పోతే దానితోపాటు మరో రెండు మూడు ప్రోగ్రాములు చేరవచ్చు. విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను తేదీల వారీగా అమర్చుకుని, సమస్య మొదలైన రోజుల్లో చేరినవాటిలో తెలియనివాటిని తొలగించాలి. అనంతరం విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌తో 'ఫుల్ స్కాన్' చేయాలి. మొండి ప్రోగ్రాములకు, విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే వెతికే 'ఆఫ్‌లైన్ స్కాన్' ఉంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర కూడా శుద్ధి ఉపకరణాలను ఉచితంగా అందిస్తోంది.

ఇంట్లోని అన్ని ఫోన్లు, కంప్యూటర్లలో ఒకే తీరున తప్పుడు పేజీలు వస్తుంటే రూటర్‌లోని డీఎన్ఎస్ అమరికను చూడాలి. వెబ్‌సైటు పేరు టైపు చేస్తే దాని చిరునామా చెప్పేది డీఎన్ఎస్సే. ఆ దారిని మళ్లించే 'డీఎన్ఎస్ ఛేంజర్' వందకు పైగా దేశాల్లో 40 లక్షలకు మించిన కంప్యూటర్లకు సోకగా, 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠా గుట్టు రట్టు చేసింది. రూటర్‌ను రీసెట్ చేసి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చుకోవాలి. రీసెట్ తర్వాత కనెక్షన్ వివరాలు మళ్లీ నమోదు చేయవలసి రావచ్చు కనుక వాటిని ముందే రాసి ఉంచుకోవాలి.

స్తంభించడానికి వేరే కారణాలూ ఉన్నాయి

ప్రకటనలు లేకుండానే బ్రౌజర్ ఆగిపోతుంటే తప్పు మోసగాళ్లది కాకపోవచ్చు. క్రోమ్ సాధారణంగా ట్యాబులను వేర్వేరు ప్రక్రియలుగా నడుపుతుంది. అందువల్ల ఒక పేజీ కుప్పకూలినా మిగిలినవి నిలుస్తాయి, కానీ ర్యామ్ ఎక్కువ ఖర్చవుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే భారం తప్పదు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబు ఎంత మెమరీ వాడుతోందో కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లోని 'మెమరీ సేవర్' వాడని ట్యాబులను నిద్రపుచ్చుతుంది. వీడియోలు చూసేటప్పుడే ఆగిపోతుంటే 'గ్రాఫిక్స్ యాక్సిలరేషన్'ను ఆపి చూడాలి. సి డ్రైవ్ పూర్తిగా నిండినా ఇదే ఇబ్బంది వస్తుంది.

పాత విండోస్ మరో కారణం. విండోస్ 7, 8.1లకు క్రోమ్ కొత్త వెర్షన్లు 2023 ఫిబ్రవరి నుంచి రావడం లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇలాంటి యంత్రాలపై బ్యాంకు లావాదేవీలు చేయకపోవడమే క్షేమం.

చివరి అస్త్రం రీసెట్

అన్నీ చూశాక కూడా ఫలితం లేకుంటే క్రోమ్ సెట్టింగ్స్‌లోని 'రీసెట్' వాడాలి. ఇది ఎక్స్‌టెన్షన్లను నిలిపివేసి, ప్రారంభ పేజీని, వెతికే యంత్రాన్ని పూర్వస్థితికి తెస్తుంది. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోవు. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పనికి 'రిఫ్రెష్' ఉంది. ఫార్మాట్ ఆలోచన దీని తర్వాతే.

ఫోన్‌లోనైతే క్రోమ్ నోటిఫికేషన్లను ఇదే విధంగా సవరించుకోవచ్చు. బ్రౌజర్ తెరవకుండానే ప్రకటనలు వస్తుంటే ఇటీవల వేసుకున్న యాప్ కారణమై ఉంటుంది. దాన్ని తొలగించి, ప్లే స్టోర్‌లోని 'ప్లే ప్రొటెక్ట్'తో పరీక్షించాలి.

మోసపోతే ఆలస్యం వద్దు

ఇప్పటికే నకిలీ నంబరుకు ఫోన్ చేసి కంప్యూటర్‌ను అపరిచితులకు అప్పగించి ఉంటే వెంటనే ఇంటర్నెట్‌ను ఆపివేయాలి. పాస్‌వర్డ్‌లను అదే కంప్యూటర్‌లో కాక వేరే పరికరం నుంచి మార్చుకోవాలి. డబ్బు పోతే బ్యాంకుకు తెలిపి, 1930 నంబరుకు గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయాలి. సొమ్ము ఇతర ఖాతాలకు మళ్లకముందే సమాచారం అందితే నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఇక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.