మాత్ర వేళకు అందుతోంది, మరి ముద్ద?

జుమా నమాజు అయ్యాక పాతబస్తీ సందుల్లో కొన్ని ఆటోలు కనిపిస్తాయి. వాటి వెనుక సీట్లో మనుషులుండరు, బిర్యానీ దేగ్‌లుంటాయి. ఎవరింట్లో అఖీఖానో, ఎవరి బర్సీయో అయి ఉంటుంది. ఆ దేగ్‌లు యతీంఖానాలకు, వృద్ధాశ్రమాలకు వెళతాయి. మేమూ అలా ఒకటి రెండుసార్లు దేగ్ వెంట వెళ్లినవాళ్లమే. వడ్డించి, దుఆ అందుకుని, తిరిగి వచ్చేవాళ్లం. ఒక శుక్రవారం మాత్రం ఆటో రావడం ఆలస్యమై అక్కడే కూర్చోవలసి వచ్చింది. ఖాళీ పళ్లేలు వెనక్కి వెళ్లడం అప్పుడే చూశాం. నిజానికి అవి ఖాళీ పళ్లేలు కావు. చాలావాటి అంచుల్లో మాంసం ముక్కలు అలాగే ఉన్నాయి. పళ్లు లేని నోటికి అవి లొంగలేదు. మసాలా ఘాటుకు కొందరు నాలుగు ముద్దలతోనే చేయి కడిగేసుకున్నారు. షుగర్ ఉన్నవారికి డబల్ కా మీఠా పెట్టనే లేదు. ఆ రాత్రికి ఏమిటని వంటమనిషిని అడిగాం. "అన్నం, పల్చగా పప్పు" అన్నది. రేపటికి? అదే!

వృద్ధాశ్రమం అన్న మాటను పాతబస్తీలో ఇప్పటికీ గొంతు తగ్గించే పలుకుతారు. తల్లిదండ్రులు ముసలివారైనప్పుడు వారిని విసుక్కోరాదన్న దైవాజ్ఞ తెలియని ముస్లిం ఉండడు. అయితే 1970ల నుంచి గల్ఫ్ దేశాలకు, ఆ తరువాత అమెరికాకు వెళ్లిన కొడుకులున్న ఇళ్లు ఇక్కడ గల్లీకి పది ఉన్నాయి. పిల్లలే లేనివారున్నారు. వాటాలు పంచుకోగా మంచం వేసే చోటు కూడా మిగలని ఇళ్లున్నాయి. ప్రభుత్వం కూడా ఈ అవసరాన్ని గుర్తించింది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన కేంద్ర చట్టం, దిక్కులేని వృద్ధులు కనీసం 150 మంది ఉండగల ఆశ్రమం జిల్లాకు ఒకటైనా ఉండాలన్నది. కనుక ఎవరు ఎవరిని ఎందుకు ఆశ్రమంలో చేర్చారన్న విచారణ మాకొద్దు. చేరిన తరువాత వారు ఏం తింటున్నారన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు ఒక ఖాలా వల్ల పట్టుకుంది. అందరూ ఆమెను ఖాలా అనే పిలుస్తారు, మేమూ అంతే. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. ఆశ్రమంలో చేరిన రోజున తెచ్చుకున్న చీటీ ప్రకారం ఉదయం, రాత్రి మాత్రలు వేళ తప్పకుండా ఇస్తున్నారు. ఒకరోజు ఫజర్ వేళకు ఆమె లేవలేదు. ఒళ్లంతా చెమట. పిలిస్తే ఏవో సంబంధం లేని మాటలు అంటున్నది. పక్క మంచం ఆవిడ ఏదో గాలి సోకిందని చదివి ఊదడం మొదలుపెట్టింది. వంటమనిషికి ఏమనిపించిందో గానీ చక్కెర కలిపిన చాయ్ నాలుగు గుక్కలు తాగించింది. పావుగంటలో ఖాలా లేచి కూర్చుని దుపట్టా సవరించుకున్నది! ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: ఆర్నెల్ల కింద ఈమె బరువెంత? ఎవరికీ తెలియదు. రిజిస్టరులో మాత్రల పద్దు ఉంది, చందాల పద్దు ఉంది, బరువు పద్దు లేదు. తూచి చూస్తే 44 కిలోలు. చేరినప్పుడు ఆమె నిండుగా ఉండేదని అందరికీ గుర్తే. అసలు సంగతి ఆమె చేతి గాజులు ఎప్పటి నుంచో చెబుతూనే ఉన్నాయి. లాడ్ బజారులో బిగువుగా తొడిగించుకున్న గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. చూసి కూడా ఎవరూ పట్టించుకోలేదు. మేమూ పట్టించుకోలేదు.

జరిగిందేమిటంటే, తిండి సగమైంది, మాత్ర మాత్రం తగ్గలేదు. షుగర్ తగ్గించే కొన్ని మాత్రలు, ఇన్సులిన్ మనిషి తిన్నదీ లేనిదీ చూడవు, తమ పని తాము చేసుకుపోతాయి. చవకగా దొరికే గ్లైబెన్‌క్లమైడ్ వంటి పాత మందు ప్రభావం ఒంట్లో చాలాసేపు ఉంటుంది. అందుకే వృద్ధులకు దానిని వాడవద్దని వైద్య మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే దిగితే ప్రమాదం మొదలైనట్టే. వయసులో ఉన్నవారికైతే చేతులు వణకడం, గుండె దడ వంటి గుర్తులు కనిపిస్తాయి. ముసలివారిలో అవి స్పష్టంగా ఉండవు. మాట తడబడుతుంది, ఊరికే కోపం వస్తుంది, మత్తుగా పడుకుంటారు, నడుస్తూ పడిపోతారు. చూసేవారు దీన్ని మతిమరుపనో, పక్షవాతమనో, ముసలి చాదస్తమనో అనుకుంటారు. మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించడం ప్రథమ చికిత్స. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

షుగర్ అనగానే తిండి కట్టడి చేయాలని మనందరి తలల్లో నాటుకుపోయింది. నలభై ఏళ్ల లావుపాటి మనిషికి ఆ మాట నప్పుతుంది. ఎనభై ఏళ్ల బక్కమనిషికి అదే మాట హాని చేస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2016లో వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోని మధుమేహుల గురించి ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. అది మూసపత్యాలను, 'తీపి బంద్' హుకుంలను కాదన్నది. అలాంటి కట్టడి వల్ల వృద్ధులు అసలు తిండే తగ్గించి నీరసిస్తారని, నలుగురితో పాటు మామూలు భోజనం పెట్టి దానికి తగ్గట్టు మందును సర్దాలని దాని సారాంశం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలోనూ అంతే. ఆరోగ్యంగా తిరిగే వృద్ధులకు 7, 7.5 లోపు ఉంటే మంచిదంటారు. పలు జబ్బులున్నవారికి 8 లోపు చాలంటారు. మంచం పట్టినవారి విషయంలో అంకె వెంట పడటం మాని, చక్కెర పడిపోకుండా, మరీ పెరిగి బాధించకుండా చూడమంటారు.

దీన్ని చదివి రేపటి నుంచి ఖుబానీ కా మీఠా వడ్డించమని కాదు. చక్కెర అదే పనిగా ఎక్కువగా ఉంటే మాటిమాటికీ మూత్రం, ఒంట్లో నీరు ఎండిపోవడం, మానని పుండ్లు తప్పవు. ఎవరూ సొంతంగా మాత్ర మానేయకూడదు కూడా. మనిషి బరువు తగ్గిందన్న సంగతి డాక్టరుకు చెప్పండి, మాత్ర సంగతి ఆయన చూసుకుంటారు. చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ ఆసుపత్రి మీద పాతబస్తీ పెద్దలకు గురి ఎక్కువ. యునానీ మందు తీసుకునేవారు ఆ సంగతి ఇంగ్లీషు డాక్టరుకూ, ఈయన ఇచ్చిన మాత్రల సంగతి హకీం సాబ్‌కూ చెప్పాలి. ఇద్దరి దగ్గరా దాచిపెట్టే పెద్దలు మా ఎరుకలో చాలామంది ఉన్నారు!

బరువు తగ్గితే ఏమైంది, ముసలితనంలో సన్నబడటం సహజమే కదా అంటారు. సన్నబడేది కొవ్వొక్కటే అయితే బాధ లేదు. కరిగేది కండ. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. కండ పోతే లేచి నిలబడే శక్తి పోతుంది, పడిపోతారు, తుంటి విరుగుతుంది. తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కూడా కండే. కనుక కండ కరిగితే షుగర్ కూడా అదుపు తప్పుతుంది. కడుపు మాడ్చి షుగర్ తగ్గించాలనుకునేవారికి ఇది అర్థం కావాలి.

కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. మూసీ దాటి తార్నాక వెళితే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వృద్ధుల వైద్యనిపుణుల అంతర్జాతీయ బృందం ఒకటి 2013లో అరవై అయిదు దాటినవారికి 1 నుంచి 1.2 గ్రాములు అవసరమన్నది. అంటే 50 కిలోల మనిషికి 50, 60 గ్రాములు. మూత్రపిండాల జబ్బున్నవారి లెక్క వేరు, అది డాక్టరే చెప్పాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. గ్లాసు పాలల్లో 6, 7 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పు వండితే అంతే. పల్చటి పప్పు నీళ్లలో ఎంత ఉంటుందో వేరే చెప్పాలా?

మాంసం తినిపించడానికి పళ్లు లేవు కదా అని ఆశ్రమాల వారు అంటారు. అక్కడే మాకు ఆశ్చర్యం వేస్తుంది. పళ్లతో పని లేకుండా మాంసం తినే పద్ధతి హైదరాబాదుకు తెలిసినట్టు మరెవరికి తెలుసు? గోధుమలు, మాంసం, పప్పులు గంటల తరబడి ఉడికించి ఘోట్నీతో మెదిపితే హలీం. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నాం. బార్కస్‌లో అరబ్బు కుటుంబాలవారు చేసే హరీస్ ఇంకా తేలిక, మసాలా తక్కువ. ఇక పాతబస్తీ పొద్దుటి భోజనం ఖిచిడీ, ఖీమా, ఖట్టా ఉండనే ఉంది. మెత్తగా జారే ఖిచిడీ, సన్నగా కొట్టిన ఖీమా, నోరూరించే పులుపు. నెయ్యి, ఉప్పు, కారం తగ్గించి చిన్న గిన్నెలో పెడితే వృద్ధులకు ఇంతకంటే మంచి తిండి మాకు తోచడం లేదు. హలీంను మనం రంజాన్ నెల హోటళ్లకు వదిలేశాం గానీ, నెలకు నాలుగుసార్లు ఆశ్రమం పొయ్యి మీద ఉడికించకూడదా? మాంసం లేని రోజున గుడ్డు కలిపిన ఖిచిడీ, పెరుగు సరిపోతాయి.

చాయ్ గురించి కూడా ఒక మాట. ఇరానీ చాయ్‌ని తిట్టి ఈ ఊళ్లో బతకలేం. కానీ ఆకలి చంపేది అదే. పొద్దున చాయ్ బిస్కెట్, పదకొండుకు చాయ్, అన్నం తినగానే చాయ్. అన్నంతో పాటు తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. గంట ఆగి తాగితే మేలు. నీళ్ల సంగతి దీనికి తిరకాసు. వయసు మీదపడితే దాహం తెలియదు. పైగా రాత్రి గుసల్‌ఖానాకు లేవాలన్న భయంతో సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. ఆ భయం పోవడానికి మందులక్కర లేదు. దారిలో ఒక బల్బు, గోడకు ఒక ఇనుప కడ్డీ చాలు. చాలాకాలం మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 విటమిన్ తగ్గి కాళ్లు తిమ్మిర్లెక్కడం, మతి మందగించడం జరుగుతుంది. నాలుగు గోడల మధ్య ఉండేవారికి డి విటమిన్ కొరత సరేసరి. వాటిని పరీక్షతో తెలుసుకోవచ్చు.

ఇక రంజాన్. ఆశ్రమాల్లోని పెద్దలకు రోజా వదలడమంటే ప్రాణం పోయినట్టే ఉంటుంది. ఏళ్ల తరబడి తప్పనివారు ఈ వయసులో తప్పుతామా అంటారు. సహరీకి వంటమనిషి లేవకపోతే నీళ్లతోనే నియ్యత్ చేసుకునేవారున్నారు. 2001లో మన దేశంతో సహా 13 దేశాల్లో 12 వేల మందికి పైగా ముస్లిం మధుమేహులను పరిశీలించారు. సాధారణ రకం మధుమేహం, అంటే రెండో రకం ఉన్నవారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మిగతా నెలలతో పోలిస్తే రంజాన్‌లో 7.5 రెట్లు ఎక్కువగా కనిపించింది. రోజా ఉండాలో వద్దో చెప్పడం మా పని కాదు. రంజాన్‌కు నెలన్నర, రెండు నెలల ముందే డాక్టరును కలవాలి, ఆయన మాటను ఆలిం ముందు పెట్టాలి. ఉన్నవారు 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజుకు ఇఫ్తార్ చేయవలసిందేనని వైద్యులంటారు. వేలి కొసన చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఎక్కువమంది ఉలమా చెబుతున్నారు. ఈ చిన్న సంగతి తెలియక పరీక్షకు ఒప్పుకోని పెద్దలెందరో! కోలుకునే ఆశ లేని జబ్బు వల్ల, ముసలితనం వల్ల ఉండలేనివారికి ఫిద్యా సౌకర్యం దైవగ్రంథమే ఇచ్చింది. వదిలిన ప్రతి రోజాకు ఒక పేదకు అన్నం పెట్టడం అది.

దానం చేసేవారితో మాకో విన్నపం. దేగ్ పంపే ముందు ఆశ్రమానికి ఫోన్ చేసి, వచ్చే శుక్రవారానికి మరెన్ని దేగ్‌లు రానున్నాయో అడగండి. మూడొస్తున్నాయంటే మీ డబ్బును నెల రోజుల గుడ్లకు, పాలకు కట్టండి. కట్టుడు పళ్ల ఖర్చు ఒకరికి భరించండి. ఒక బరువు యంత్రం కొనివ్వండి. మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గినా, ఆర్నెల్లలో పదో వంతు తగ్గినా డాక్టరుకు చూపించాలన్న గుర్తు చాలు, రిజిస్టరు ఎవరైనా రాయగలరు. మంచం మీది నుంచి లేవలేనివారికి పిక్క చుట్టూ టేపు పెట్టి కొలవవచ్చు. 31 సెంటీమీటర్ల లోపుంటే కండ కరుగుతున్నట్టు లెక్క.

ఖాలాకు డాక్టరు రాత్రి మాత్ర తీసేసి, పొద్దుటి మందు మార్చాడు. ఆమె షుగర్ ఇప్పుడు మునుపటి కంటే కాస్త ఎక్కువే ఉంటోంది, ఫరవాలేదన్నాడు. ఆశ్రమంలో ఇప్పుడు ప్రతి నెలా మొదటి జుమా నాడు అందరినీ వరుసగా తూస్తున్నారు. పోయిన నెల ఖాలా 46 కిలోలు. యంత్రం దిగుతూ, ఖిచిడీలో ఉప్పు మరీ తక్కువ వేస్తున్నారని వంటమనిషి మీద మాకు ఫిర్యాదు చేసింది.