కన్సోల్ ధర చుట్టూ అల్లుకున్న అపోహలు – వాస్తవాలు

కన్సోల్ కొందామనుకుంటున్నానని నలుగురిలో అంటే చాలు, సలహాలకు కరువుండదు. ఇప్పుడు కొనకు, వచ్చే ఏడాది సగానికి వస్తుందని ఒకరు. మా బావ అమెరికాలో ఉన్నాడు, తెప్పిస్తా ఆగమని ఇంకొకరు. టెరాఫ్లాప్స్ చూసి కొనమని మరొకరు. చెప్పేవాళ్ళంతా నమ్మకంగానే చెబుతారు. చిక్కల్లా, ఆ సలహాల్లో సగం ఇరవై ఏళ్ళ కిందటి మార్కెట్‌కి సరిపోయేవి.

నాకు సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ ఇష్టమే. మూడింటి ధరల మీదా ఫిర్యాదులూ ఉన్నాయి. కానీ ఆటల మీద ప్రేమతో లెక్క తప్పితే నష్టపోయేది మనమే. డబ్బా మీది అంకెనే మొత్తం ఖర్చు అనుకోవడం దగ్గరే చాలా అపోహలు మొదలవుతాయి. నిజానికి అది మొదటి వాయిదా మాత్రమే. మిగతా వాయిదాలు గేములుగా, నెలనెలా చందాగా, స్టోరేజీగా వస్తూనే ఉంటాయి.

అపోహ 1: ఒక్కో కన్సోల్ మీద కంపెనీలు బోలెడంత మిగుల్చుకుంటున్నాయి

వాస్తవం: చాలా సందర్భాల్లో దీనికి పూర్తిగా రివర్సు. 2006లో ప్లేస్టేషన్ 3 పెద్ద మోడల్‌ను సోనీ 599 డాలర్లకు అమ్మింది. ఐసప్లై సంస్థ దాన్ని విప్పి విడిభాగాల, తయారీ ఖర్చు లెక్కగడితే 840 డాలర్ల దాకా తేలింది. 2021 మే నెలలో ఎపిక్, యాపిల్ కంపెనీల మధ్య కేసు విచారణలో ఎక్స్‌బాక్స్ ఉన్నతాధికారి లోరీ రైట్ కోర్టులో సాక్ష్యం చెబుతూ, కన్సోల్ అమ్మకం మీద మైక్రోసాఫ్ట్ ఎన్నడూ లాభం చూడలేదన్నారు.

మరి డబ్బు ఎక్కడ? ఆ కన్సోల్ స్టోర్‌లో అమ్ముడయ్యే ప్రతి గేములోనూ దాదాపు 30 శాతం కంపెనీ వాటా. దాని మీద చందాలు, అదనపు కంట్రోలర్లు. డబ్బా ఇంట్లోకి చేరితే చాలు, మిగతాది తర్వాత రాబట్టుకోవచ్చన్నది ఈ వ్యాపారం మూల సూత్రం.

ఈ సూత్రాన్ని పక్కన పెడితే ఏమవుతుందో 3డీఓ చూపించింది. 1993లో వచ్చిన ఆ యంత్రాన్ని దాని రూపకర్తలు స్వయంగా తయారు చేయలేదు, పానసోనిక్ లాంటి కంపెనీలకు లైసెన్సు ఇచ్చారు. గేముల మీద రాబడి ఆ తయారీదారులకు రాదు కాబట్టి డబ్బా మీదే లాభం వేసుకోవాల్సి వచ్చింది. ధర 699 డాలర్లు పలికింది. కొనేవాళ్ళు దొరకలేదు, కొన్నేళ్ళకే కథ ముగిసింది.

అలాగని అందరూ ఎప్పుడూ నష్టానికే అమ్ముతారనుకున్నా పొరపాటే. స్విచ్‌ను నష్టానికి అమ్మడం లేదని నింటెండో 2017లో విడుదల సమయానికే చెప్పింది. డిస్కు ఉన్న ప్లేస్టేషన్ 5 నష్టాల్లోంచి బయటపడిందని 2021లో సోనీ ప్రకటించింది.

అపోహ 2: రెండు మూడేళ్ళు ఆగితే ధర దానంతటదే దిగుతుంది

వాస్తవం: ఒకప్పుడు ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లతో మొదలై 2002లో 199కి, 2009లో 99కి దిగింది. 2013లో 399 డాలర్లున్న ప్లేస్టేషన్ 4కి 2016లో 299 డాలర్ల స్లిమ్ మోడల్ వచ్చింది. మన సలహాదారుల అనుభవమంతా ఆ రోజులదే.

ప్లేస్టేషన్ 5 ఆ ఆనవాయితీని తిరగేసింది. 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు మోడల్ రూ.49,990. తర్వాతి ఏడాదే రూ.54,990 అయింది. జపాన్‌లో పన్నుతో కలిపి 54,978 యెన్లతో మొదలైనది 2024 సెప్టెంబరు నాటికి 79,980కి చేరింది. అమెరికాలో 2025 ఆగస్టులో 50 డాలర్లు పెరిగింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 499 డాలర్ల నుంచి ఒకే ఏడాదిలో రెండు పెంపులతో 649కి ఎక్కింది.

కారణం చిప్పుల్లో ఉంది. పాతరోజుల్లో చిప్పు సైజు తగ్గినకొద్దీ తయారీ ఖర్చూ తగ్గేది, ఆ మిగులులో కొంత కొనేవాళ్ళకూ దక్కేది. ఇప్పుడు కొత్త తరం తయారీ పద్ధతికి మారడమే ఖరీదైన వ్యవహారం. దానికి కరెన్సీ హెచ్చుతగ్గులు, అమెరికా సుంకాలు తోడయ్యాయి. 2025 చివరికి వచ్చేసరికి మెమరీ చిప్పుల కోసం ఏఐ డేటా సెంటర్లు ఎగబడుతుండటంతో ఆ ధరలూ మండాయి.

కాబట్టి నా సలహా: దసరా, దీపావళి ఆఫర్ల కోసం నెలా రెండు నెలలు ఆగడంలో తప్పులేదు. కొన్ని వేలు మిగలొచ్చు. ధర సగానికి పడుతుందని ఏళ్ళ తరబడి ఆగితే మాత్రం పోయేది ఆడుకునే కాలమే.

అపోహ 3: టెరాఫ్లాప్స్ ఎక్కువున్నదే మంచి కన్సోల్

వాస్తవం: టెరాఫ్లాప్స్ అంటే గ్రాఫిక్స్ చిప్పు లెక్కలు చేసే వేగానికి కొలత. కాగితం మీద సిరీస్ ఎక్స్‌కు 12 టెరాఫ్లాప్స్, ప్లేస్టేషన్ 5కి 10.28. తేడా చాలానే కనిపిస్తుంది. అదే గేమును రెండింటి మీదా పక్కపక్కన ఆడిస్తే చాలాసార్లు తేడా పట్టడానికి భూతద్దం కావాలి, కొన్ని గేములైతే ప్లేస్టేషన్ 5లోనే మెరుగ్గా ఆడాయి. గ్రాఫిక్స్ చిప్పు ఎంత వేగంతో తిరుగుతోంది, ఎస్‌ఎస్‌డీ ఎంత త్వరగా డేటా అందిస్తోంది, గేము చేసినవాళ్ళు ఏ యంత్రం మీద ఎంత శ్రద్ధ పెట్టారు అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

అసలు బలమే అమ్మకాలను తేల్చేదైతే నింటెండో వీ గెలిచేదే కాదు. 2006లో ప్లేస్టేషన్ 3 హెచ్‌డీ గురించి ఊదరగొడుతుంటే నింటెండో వీ 480పీ దాటి బొమ్మ చూపించలేకపోయేది. అయినా 10 కోట్లకు పైగా అమ్ముడై ప్లేస్టేషన్ 3నీ ఎక్స్‌బాక్స్ 360నీ వెనక్కి నెట్టింది. తర్వాత స్విచ్ కూడా 2015 నాటి టెగ్రా ఎక్స్1 చిప్పుతోనే 15 కోట్లు దాటింది. మీకు కావలసిన గేము ఏ కన్సోల్ మీద ఉందో అదే మీకు మంచి కన్సోల్.

అపోహ 4: పెట్టె మీద 8కె అని ఉంది కాబట్టి 8కెలో ఆడొచ్చు

వాస్తవం: ప్లేస్టేషన్ 5 పెట్టె మీద ఏళ్ళ తరబడి ఉన్న ఆ ముద్రను సోనీ 2024లో చడీచప్పుడు లేకుండా తీసేసింది. ఆ బొమ్మ నాణ్యతను అందుకున్న గేములు దాదాపు లేనట్టే. చాలా పెద్ద గేములు 4కెని కూడా పూర్తిగా గీయవు. తక్కువ పిక్సెళ్ళతో గీసి సాఫ్ట్‌వేర్‌తో పెంచి చూపిస్తాయి. సెకనుకు 120 ఫ్రేములు కావాలంటే టీవీకి కూడా ఆ సత్తా ఉండాలి. కన్సోల్ కోసం టీవీ మార్చేవాళ్ళు ఆ ఖర్చునూ కన్సోల్ ఖాతాలోనే రాసుకోవాలి.

అపోహ 5: నెలవారీ ప్యాక్ లేకపోతే కన్సోల్ కొని దండగ

వాస్తవం: ఒంటరిగా ఆడే కథల గేములకు ఏ చందా అక్కర్లేదు. గాడ్ ఆఫ్ వార్, స్పైడర్‌మ్యాన్ లాంటివి కొనుక్కుని హాయిగా ఆడుకోవచ్చు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేముల్ని ప్లేస్టేషన్‌లో ప్లేస్టేషన్ ప్లస్ చందా లేకుండానే ఆన్‌లైన్‌లో ఆడొచ్చు. ఎక్స్‌బాక్స్ కూడా 2021 ఏప్రిల్ నుంచి ఉచిత గేములకు చందా షరతు ఎత్తేసింది. డబ్బు పెట్టి కొన్న గేమును ఆన్‌లైన్‌లో ఇతరులతో ఆడాలంటేనే చందా తప్పదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ప్లేస్టేషన్ 3లో ఆన్‌లైన్ ఆట ఉచితం, పీసీలో ఈరోజుకీ ఉచితమే. ఇంటర్నెట్ బిల్లు మనం కడతాం, గేము మనం కొంటాం, ఆపైన గుమ్మం దాటడానికి ఇంకో టికెట్టు.

అపోహ 6: గేమ్ పాస్ లాంటిది ఉంటే ఇక గేములు కొనే పనే లేదు

వాస్తవం: జాబితాలోని గేములన్నీ ఆడనిచ్చే ఎక్స్‌బాక్స్ చందా గేమ్ పాస్ 2017 జూన్‌లో మొదలైనప్పుడు నెలకు 9.99 డాలర్లు. అంతకు మించిన బేరం లేదని నేనూ ఊరంతా చెప్పుకు తిరిగాను. అప్పటికది నిజమే. 2025 అక్టోబరులో దాని అల్టిమేట్ ప్లాన్ అమెరికాలో 19.99 నుంచి 29.99 డాలర్లకు, మన దగ్గర రూ.829 నుంచి రూ.1,389కి పెరిగింది. ఆ ధరకు ఏడాదికి రూ.16,668. ఒక్కోటి రూ.4,999 చొప్పున మూడు కొత్త గేములు కొన్నా ఇంకా డబ్బు మిగులుతుంది. ఏడాదికి మూడు పెద్ద గేములు పూర్తి చేయలేనివాళ్ళకు ఈ చందా నష్టమే. ఉద్యోగం, పిల్లలు, ఇల్లు అంటూ తిరిగేవాళ్ళలో చాలామంది ఆ కోవకే వస్తారు. సెలవుల్లో రోజుకో గేము మార్చే పిల్లలున్న ఇంట్లో అదే చందా మంచి బేరం.

పైగా గేమ్ పాస్‌లోని గేముల జాబితా నిలకడగా ఉండదు. జీటీఏ 5 గేమ్ పాస్‌లోకి వచ్చి, వెళ్ళి, మళ్ళీ రావడం పలుమార్లు జరిగింది. సగం ఆడిన గేము జాబితాలోంచి తప్పుకుంటే దాన్ని విడిగా కొనాల్సిందే. ప్లేస్టేషన్ ప్లస్‌లో నెలనెలా ఇచ్చే గేములు కూడా చందా కడుతున్నంత కాలమే తెరుచుకుంటాయి. ఆపేసిన రోజు తాళం పడుతుంది.

ఏడాది పొడవునా కట్టే బదులు, మనకు కావలసిన రెండు మూడు గేములు ఒకేసారి ఉన్న నెల చూసి ఆ ఒక్క నెలకే తీసుకోవచ్చు. ఆటో రెన్యువల్‌ను మాత్రం మొదటిరోజే ఆపేయాలి.

అపోహ 7: డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్న గేము మన సొంతం

వాస్తవం: మనం కొనేది వాడుకునే అనుమతిని మాత్రమే. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేము సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడాలన్నా ఆ సర్వర్లే దిక్కు కాబట్టి డబ్బు పెట్టి కొన్నవాళ్ళందరికీ గేము పోయింది. ఆ కోపంలోంచి స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం పుట్టింది. కాలిఫోర్నియా 2024లో చేసిన చట్టం, ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలంటోంది.

డిస్కు కొంటే నిశ్చింత అనుకుంటే అదీ సగం నిజమే. 2022లో కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2 ప్లేస్టేషన్ 5 డిస్కులో ఉన్నది 70 ఎంబీ చిల్లర. మిగతాదంతా డౌన్‌లోడే. స్విచ్ 2కి వస్తున్న గేమ్ కీ కార్డుల్లో అసలు గేమే ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి ఉంటుందంతే.

అయినా నా ఓటు డిస్కుకే, అదీ పూర్తిగా డబ్బు లెక్కతో. 2024లో ప్లేస్టేషన్ 5 స్లిమ్ మన దగ్గరికి వచ్చినప్పుడు డిస్కు మోడల్ రూ.54,990, డిజిటల్ మోడల్ రూ.44,990. తేడా పది వేలు. ఐదు వేల డిస్కును ఆడేసి రెండు వేలకు ఇచ్చేసినా, అలాంటివి ఐదు ఇచ్చేసరికి తేడా పూడిపోతుంది. డిజిటల్ గేమును మాత్రం ఎక్స్‌ఛేంజ్ చేయలేం, తమ్ముడికి ఇవ్వలేం, ఆడి విసుగొస్తే అమ్ముకోలేం.

అపోహ 8: గేముల ధరలు ముందెన్నడూ ఇంత లేవు

వాస్తవం: 1990లలో నింటెండో 64 క్యాట్రిడ్జులు 60 నుంచి 80 డాలర్ల దాకా పలికేవి. ఎక్స్‌బాక్స్ 360 రోజుల్లో, 2005లో, 60 డాలర్లు మామూలు ధరగా స్థిరపడింది. 2020లో 70 అయింది, 2025లో మారియో కార్ట్ వరల్డ్‌తో నింటెండో 80కి చేరింది. డాలరు విలువ పడిపోవడాన్ని కలుపుకుంటే 2005 నాటి 60 డాలర్లు ఈనాటి సుమారు వందకు సమానం. అంటే లెక్క ప్రకారం గేము చవకైంది.

కానీ ఆ లెక్క చూపించి మనల్ని ఊరుకోమనడం కుదరదు. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. ఆ కూలీ మీద బతికేవాడు కూడా పది గంటల్లోపు పనితో 70 డాలర్లు సంపాదిస్తాడు. నెలకు ఇరవై వేలు తెచ్చుకునే మన కుర్రాడికి రూ.4,999 గేమంటే జీతంలో నాలుగో వంతు. ఆరు నెలలు, ఏడాది ఆగితే చాలా గేములు సగం ధరకు వస్తాయి. నింటెండో సొంత గేములు మాత్రం అంత తేలిగ్గా దిగిరావు.

అపోహ 9: అమెరికా నుంచి తెప్పించుకుంటే బాగా కలిసొస్తుంది

వాస్తవం: డల్లాస్ నుంచి బావ, న్యూజెర్సీ నుంచి అక్క వస్తున్నారంటే మన ఇళ్ళలో జాబితా రాయడం మామూలే. అక్కడి ధర మీద రాష్ట్రాన్నిబట్టి సేల్స్ ట్యాక్స్ విడిగా పడుతుందని, వాళ్ళ ధరలూ పెరిగాయని మరిచిపోతాం. డల్లాస్‌లో ఆ పన్ను 8.25 శాతం. 549.99 డాలర్ల కన్సోల్ బిల్లు 595 డాలర్లు దాటుతుంది. ఎయిర్‌పోర్టులో ఉచిత పరిమితి మించితే కస్టమ్స్ సుంకం పడుతుంది. పాడైతే ఇక్కడి సర్వీసు సెంటరు వారంటీ వర్తించదంటుంది. డిస్కు గేములు ఏ దేశానివైనా ఆడతాయి, కానీ డిస్కు ఏ ప్రాంతానిదో డీఎల్‌సీ (గేముకు అదనపు కంటెంట్) కూడా ఆ ప్రాంతపు స్టోర్‌లోనే కొనాలి. భారత ఖాతాలో అమెరికా గిఫ్ట్ కార్డు చెల్లదు.

నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మకాలే పెట్టుకోలేదు. ప్లేస్టేషన్ 5 ప్రో 2024 నవంబరులో విడుదలైనప్పుడు మనకు రాలేదు. అది వాడే 6 గిగాహెర్ట్జ్ వైఫైకి ఇక్కడ అప్పటికి అనుమతి లేదు. ఇలా ఇక్కడ అధికారికంగా దొరకనివి కావాలంటే బయటినుంచి తెప్పించుకోక తప్పదు. వారంటీ లేదని తెలిసి, బిల్లు చేతికి తీసుకుని, ఇష్టపడి కొంటే అభ్యంతరం లేదు. చవకని మాత్రం కొనొద్దు.

చివరికి నేను చెప్పేది ఇదే. ఐదేళ్ళకు ఎన్ని గేములు ఆడతారో, వాటిలో ఎన్ని కొత్తగా వచ్చిన రోజే కావాలో, ఎన్ని నెలలు చందా కడతారో ఒక కాగితం మీద వేసి డబ్బా ధరకు కలపండి. ఆ మొత్తం చూశాక కూడా కొనాలనిపిస్తే నిస్సంకోచంగా కొనండి. గుండె గుభేలుమంటే కన్సోల్ మానక్కర్లేదు, చందా మానేసి సెకండ్ హ్యాండ్ డిస్కుల వైపు చూడండి.