పరుగు - పాస్ సమతుల్యత: కళాశాల ఫుట్‌బాల్ దాడి వ్యూహం, హైదరాబాద్ అనుభవం

వ్యాస సంగ్రహం:
అమెరికన్ కళాశాల ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టు ప్రతిసారీ పరుగు, పాస్ అనే రెండు మార్గాలలో ఒకదానిని ఎంచుకోవాలి. ఈ రెండింటినీ సమాన సంఖ్యలో వాడటమే సమతుల్యత అనే అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఆ అభిప్రాయం ఎందుకు సరిపోదో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇదే సమస్య కబడ్డీలోనూ, సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలోని హైదరాబాద్ ఫుట్‌బాల్‌లోనూ ఏ రూపంలో కనిపిస్తుందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పరుగు, పాస్, డౌన్, మిశ్రమ వ్యూహం, కబడ్డీ, రహీమ్, హైదరాబాద్ సిటీ పోలీస్.

1. ఉపోద్ఘాతం:
కాజీపేట జంక్షనుకు చేరువలోని మడికొండ వంటి ఊళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడరు. అయితే ఆ ఆటలోని మూల సమస్య అక్కడి కబడ్డీ బరిలో కూతకు వెళ్లే ఆటగాడికి కొత్త కాదు. ఎదుటి పక్షంలో ఆరుగురు లేదా అంతకు మించి ఉన్నప్పుడు అతడు బోనస్ గీత దాటి ఒక పాయింటు తేవచ్చు, లేదా ఒకరిని తాకి రావచ్చు. ప్రతిసారీ బోనస్‌కే పోతే మూలన ఉన్నవారు అతని కాలి కోసం కాచుకుంటారు. ఎప్పుడూ పోకపోతే ఆ గీతను కాపాడవలసిన అవసరమే వారికి ఉండదు. ఒక మార్గం విలువ రెండవ మార్గం వల్ల కలిగే భయంపై ఆధారపడి ఉంటుందన్నది ఇక్కడి సూత్రం. పరుగు - పాస్ చర్చకు కూడా ఇదే పునాది.

2. ఆట నియమాలు - చారిత్రక నేపథ్యం:
అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. ఒక్కొక్క ప్రయత్నాన్ని 'డౌన్' అంటారు. పది గజాలు పూర్తయితే మళ్లీ నాలుగు డౌన్లు లభిస్తాయి. ముందుకు సాగడానికి బంతిని పట్టుకుని పరుగెత్తవచ్చు, లేదా ముందున్న సహచరునికి విసరవచ్చు.

మొదట ఈ రెండవ మార్గానికి అనుమతి లేదు. గుంపుగా తోసుకుపోయే ఆట వల్ల ఆటగాళ్లు తీవ్రంగా గాయపడ్డారు, మరణాలు కూడా సంభవించాయి. 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఈ విషయమై కళాశాలల ప్రతినిధులతో సమావేశం జరిపాడు. 1906లో ముందుకు విసిరే పాస్‌ను నియమాలలో చేర్చారు. అంటే పాస్ అనేది ముందుగా ఆటగాళ్ల ప్రాణరక్షణకు సంబంధించిన సంస్కరణ, తరువాతనే వ్యూహం. 1913లో నోటర్ డామ్ జట్టు ఆర్మీ జట్టును 35-13తో ఓడించినప్పుడు పాస్ శక్తి దేశమంతటికీ తెలిసింది.

రెండు మార్గాల స్వభావాలు వేరు. పరుగులో లాభం సాధారణంగా తక్కువ, నష్టభయమూ తక్కువ. గడియారం సాగుతూ ఉంటుంది. పాస్‌లో లాభం ఎక్కువ. కానీ బంతి అందకపోతే ఒక డౌన్ వృథా అవుతుంది, గడియారం ఆగుతుంది. ప్రత్యర్థి అందుకుంటే బంతే చేజారుతుంది.

3. సమానత్వం సమతుల్యత కాదు:
ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. రక్షణ జట్టు పరుగును ఆపడానికి సిద్ధమైనప్పుడు పరుగు సగటున 2 గజాలు, పాస్ 10 గజాలు ఇస్తాయనుకుందాం. పాస్‌ను ఆపడానికి సిద్ధమైనప్పుడు పరుగు 6 గజాలు, పాస్ 4 గజాలు ఇస్తాయనుకుందాం. దాడి జట్టు 60 శాతం పరుగు, 40 శాతం పాస్ ఎంచుకుంటే, రక్షణ జట్టు ఏ పద్ధతి పాటించినా సగటు లాభం 5.2 గజాలే. సరిగా సగం సగం ఎంచుకుంటే రక్షణ జట్టు పాస్‌కు సిద్ధమై ఆ సగటును 5 గజాలకు తగ్గించగలదు. సమాన సంఖ్య ఇక్కడ నష్టమే కలిగించింది.

ఇప్పుడు ఆ జట్టులో పాస్ నైపుణ్యం పెరిగి, పరుగుకు సిద్ధమైన రక్షణపై పాస్ 10 గజాలకు బదులు 14 గజాలు ఇస్తుందనుకుందాం. అప్పుడు పాస్‌లు పెంచాలని తోస్తుంది. లెక్క అందుకు విరుద్ధమైన ఫలితాన్ని ఇస్తుంది. తగిన పరుగుల నిష్పత్తి 60 నుండి సుమారు 71 శాతానికి పెరుగుతుంది, సగటు లాభం దాదాపు 5.43 గజాలకు చేరుతుంది. పాస్‌కు భయపడిన రక్షణ జట్టు వెనుకకు తగ్గడమే దీనికి కారణం. అలా ఖాళీ అయిన ముందు భాగంలో పరుగుకు చోటు దొరుకుతుంది. పాస్ మెరుగుపడిన ఫలం పరుగు రూపంలో అందుతుందన్నమాట.

జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో నిరూపించిన కనిష్ఠ - గరిష్ఠ సిద్ధాంతం ఈ లెక్కకు ఆధారం. సమతుల్య స్థితిలో సమానం కావలసినవి రెండు మార్గాల సంఖ్యలు కావు, వాటి సగటు ఫలితాలు. ఆటగాళ్లు నిజంగా ఇలాగే ప్రవర్తిస్తారా అన్నది వేరే ప్రశ్న. 2003లో పలాసియోస్-హుయెర్తా పెనాల్టీ కిక్‌లను పరిశీలించి ఆటగాళ్ల ఎంపికలు సిద్ధాంతానికి దగ్గరగా ఉన్నాయని తేల్చారు. 2009లో కొవాష్, లెవిట్ అమెరికన్ వృత్తి ఫుట్‌బాల్‌ను పరిశీలించి జట్లు ఉండవలసిన దానికన్నా తక్కువగా పాస్‌లు వాడుతున్నాయని చూపారు. దీనిని బట్టి అనుభవం ఒక్కటే సరైన నిష్పత్తిని నేర్పుతుందని చెప్పలేము.

4. సందర్భం పాత్ర:
నిష్పత్తి ఆట అంతటా ఒకటిగా ఉండదు. మూడవ డౌన్‌లో ఎనిమిది గజాలు కావలసినప్పుడు పాస్ వస్తుందని మైదానంలో అందరికీ తెలుసు. వృత్తి కబడ్డీలో వరుసగా రెండు కూతలు ఖాళీగా ముగిసిన తరువాత వచ్చే చావో రేవో కూత స్థితి ఇటువంటిదే. తప్పక పాయింటు తేవలసినవాడి ఉద్దేశం ప్రత్యర్థికి ముందే తెలిసిపోతుంది. అందువల్ల మొదటి రెండు డౌన్లలోని ఎంపికలే మూడవ డౌన్‌లో జట్టుకు స్వేచ్ఛ మిగులుతుందో లేదో నిర్ణయిస్తాయి.

గణాంకాల పఠనంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. గెలిచిన జట్లు ఎక్కువ పరుగులు చేశాయి కాబట్టి పరుగే గెలుపుకు కారణమని భావిస్తారు. ఆధిక్యంలో ఉన్న జట్టు గడియారం సాగడానికి చివరి భాగంలో పరుగులు ఎంచుకుంటుంది. వెనుకబడిన జట్టు పాస్‌లు విసురుతుంది. ఇక్కడ పరుగు గెలుపుకు కారణం కావడం కన్నా గెలుపు పరుగుకు కారణమవుతోంది. అందుచేత మొత్తం సంఖ్యల కన్నా డౌన్ వారీ ఫలితాలను చూడటం ఉచితం. వాడుకలో ఉన్న ఒక కొలత ప్రకారం మొదటి డౌన్‌లో కావలసిన దూరంలో సగం, రెండవ డౌన్‌లో 70 శాతం, తరువాతి డౌన్లలో మొత్తం సాధిస్తేనే ఆ ప్రయత్నం సఫలం.

5. హైదరాబాద్ అనుభవం:
తెలుగు నేలపై ఈ సమస్యకు అతి సమీపమైన ఉదాహరణ మరొక ఫుట్‌బాల్‌లో ఉంది. కాలితో ఆడే ఫుట్‌బాల్‌లో బంతిని తానే తీసుకుపోవడమా, సహచరునికి అందించడమా అన్నది తొలినాటి వివాదం. 1872లో గ్లాస్గోలో జరిగిన మొదటి అంతర్జాతీయ పోటీలో ఇంగ్లండ్ వ్యక్తిగత పరుగునూ, స్కాట్లండ్ పరస్పర సహకారాన్నీ ఆశ్రయించాయి.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్నను పద్ధతి ప్రకారం పరిష్కరించినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909-1963). వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీమ్ 1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకునిగా పనిచేశాడు. బంతిని ఒంటరిగా తీసుకుపోకూడదనే నియమంతోనూ, బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతోనూ పోటీలు నిర్వహించాడు. మొదటి నియమం ఆటగాడికి పాస్‌ను అలవాటు చేసింది. రెండవది అతడు ఏ వైపు తిరుగుతాడో ప్రత్యర్థి ముందుగా ఊహించలేని స్థితిని కల్పించింది. తన దగ్గర లేని మార్గంతో ఎవరూ ఎవరినీ భయపెట్టలేరు. ఎంపికకు ముందు సామర్థ్యం ఉండాలన్న ఈ వరుసక్రమమే రహీమ్ శిక్షణలోని విశేషం.

ఫలితాలు ప్రసిద్ధం. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడిన భారత్, 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదట దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడి, ఫైనల్‌లో అదే జట్టును 2-1తో గెలిచింది. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరుసకు పంపాడు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే. ప్రత్యర్థి ఒకసారి చదివిన జట్టు మళ్లీ అదే రూపంలో కనిపించలేదు.

రెండు ఆటల పోలికకు పరిమితి ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రతి ప్రయత్నానికి ముందు విరామం ఉంటుంది, నిర్ణయం చాలావరకు శిక్షకునిది. రహీమ్ ఆటలో నిర్ణయం క్షణంలో, ఆటగాడి కాలి దగ్గరే జరగాలి. అయితే నేటి కళాశాల ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ ఒక రక్షకుని కదలికను చూసి, ఆట మొదలైన తరువాతనే పరుగో పాసో తేల్చుకునే పద్ధతి విస్తరించింది. ఆ మేరకు రెండు ఆటల మధ్య దూరం తగ్గింది.

6. ముగింపు:
రహీమ్ 1963లో మరణించాడు. ఆ తరువాత భారత పురుషుల జట్టు ఆసియా క్రీడలలో స్వర్ణం గెలవలేదు, ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. దీనికి కారణాలు అనేకం. అయినా ఒక పద్ధతి శిక్షకునితోపాటు ముగిసిపోకుండా ఉండాలంటే అది రాతలోకి, బోధనలోకి రావాలన్న పాఠం ఇందులో ఉంది. మడికొండ, కాజీపేట, హనుమకొండ ప్రాంతాల కళాశాల జట్లు ఏ ఆట ఆడినా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు: మనకు నిజంగా ఎన్ని మార్గాలు చేతనవును? ఏ సందర్భంలో మన ఎంపిక ప్రత్యర్థికి ముందే తెలిసిపోతున్నది? ఫలితాలను సందర్భాల వారీగా నమోదు చేస్తున్నామా? ఒకే మేటి ఆటగాడిపై ఆధారపడిన జట్టు అతడు గాయపడిన రోజున చేష్టలుడిగి నిలుస్తుంది. రెండు మార్గాలు నేర్చిన జట్టు ఒకటి మూసుకుపోయినా రెండవ దానితో సాగుతుంది. సమతుల్యత అంటే సగం సగం పంచడం కాదు, ప్రత్యర్థి దేనినీ నిశ్చింతగా వదిలివేయలేని స్థితిని నిలుపుకోవడం.