కారు కర్మాగారమునకు ఇంజనీర్లు కావలెను

కర్మాగారమునకు గోడలు కట్టుట సులభము. అందు పనిచేయు నేర్పరులను సంపాదించుట కష్టము. ఈ సంగతి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియవలెనని ఒక నిజమైన ఉదంతమును ఇచ్చట వివరించుచున్నాము.

ఇంగ్లండులోని జాగ్వార్ లాండ్ రోవర్ కంపెనీని మన దేశమునకు చెందిన టాటా మోటార్స్ వారు 2008లో ఫోర్డు కంపెనీ నుండి కొనిరి. తరువాత వ్యాపారము విస్తరించెను. 2014లో వుల్వర్‌హాంప్టన్ వద్ద క్రొత్త ఇంజన్ల కర్మాగారము వెలసెను. 2017 జూన్‌లో 5,000 మందిని చేర్చుకొందుమని కంపెనీవారు ప్రకటించిరి. అందు 1,000 మంది ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కావలసియుండెను.

ఇట్టివారు దొరకుట ఏల కష్టము? పూర్వము కారనగా ఇంజను, గేర్లు, ఇరుసులు. వాని పని యెరిగినవారు ఆ ప్రాంతమున తరతరములుగా కలరు. నేటి విద్యుత్కారునకు బ్యాటరీ, మోటారు, వానిని నడిపించు కంప్యూటర్లు ముఖ్యములు. ఆ విద్య నేర్చినవారిని బ్యాంకులును, ఫోను కంపెనీలును కూడ కోరును. కార్ల కంపెనీ వారందరితో పోటీపడవలసి వచ్చెను.

అందువలన ఒక వింత ఉపాయము పన్నిరి. గొరిల్లాజ్ అను సంగీత బృందము వారి ఫోను యాప్‌లో చిక్కుప్రశ్నలు పెట్టిరి. మొదట విద్యుత్కారు భాగములను కూర్చవలెను. పిదప గూఢలిపిని విప్పవలెను. బాగుగా విప్పినవారికి ఉద్యోగపు దారి దగ్గరయ్యెను. మామూలు దరఖాస్తులకును చోటుండెను. పట్టాతో పాటు బుద్ధి పనిచేయు తీరును కూడ చూడదలచిరన్నమాట.

రెండవ వైపును కూడ చూడవలెను. 2019 జనవరిలో అదే కంపెనీ 4,500 ఉద్యోగములను తగ్గింతుమని ప్రకటించెను. చైనాలో అమ్మకములు పడిపోవుట, ఐరోపాలో డీసెలు కార్లకు గిరాకి తగ్గుట అందుకు ముఖ్య కారణములు. ఇంజనీరు తయారగుటకు పాఠశాల మొదలుకొని 15 ఏండ్లకు పైగా పట్టును. బజారు రెండేండ్లలో తిరుగబడును. కావున నేటి గిరాకిని చూచి చదువు ఎన్నుకొనుట కంటె, ఏ పనికైనను ఆధారమగు పునాది వేసికొనుట మేలు.

“తెలుగులో చదివిన మా బిడ్డ ఇంజనీరు కాగలడా?” అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఆంగ్లమును, ఈ రాష్ట్రభాషను శ్రద్ధతో నేర్వవలసినదే. అందు సందేహము లేదు. కాని లెక్క ఎందుకట్లు వచ్చినదో తన మాటలలో చెప్పగల బిడ్డకు పునాది పడినట్లే. అట్లు చెప్పుట మొదట అలవడునది ఇంటిభాషలోనే. కావున సాయంకాలము బిడ్డను చెంత కూర్చుండబెట్టుకొని, “నేటి లెక్క ఎట్లు చేసితివి?” అని అడుగుడు. జవాబు తప్పైనను ఓపికతో వినుడు.