చేలమీది మేఘము - బలరేఖల లెక్క

తణుకు చుట్టునున్న చేలు పళ్ళెమువలె చదునైనవి. వేసవిలో దాళ్వా కోతలు సాగు దినములలో ఒక్కొక్క సాయంకాలము ఉరుముమేఘము క్రమ్ముకొనును. మేఘపు దిగువభాగమున సాధారణముగా ఋణావేశము చేరియుండును. ఆ ఆవేశమంతయు ఒక్క బిందువుననే ఉన్నదని భావింతము. దాని బలరేఖలలో ఎన్ని వంతులు మన చేలను తాకును? ఒక తలమును దాటు బలరేఖల మొత్తమునే విద్యుదభివాహ మందురు.

ఆవేశమును అన్నివైపుల మూసిన తలమునుండి వెడలు అభివాహము, ఆ ఆవేశముపైననే ఆధారపడునుగాని తలపు ఆకారముపై కాదని గౌస్ 1835లో నిరూపించెను. తెరచిన తలమునకు ఉపాయ మిది: ఆవేశమున్న చోటినుండి చూచినచో నలుదిక్కుల, క్రింద మీద కనబడు గోళములో ఆ తలము ఎన్నవ వంతును కప్పునో, రేఖలలో అన్నవ వంతే దానికి దక్కును. ఘనచతురస్రపు నడుమ ఆవేశమున్నచో ఒక్కొక్క ముఖమునకు ఆరవ వంతు. అంతులేని చదునుతలము సరిగా సగమును కప్పును. కనుక సగము రేఖలు. ఎత్తు ఎంతైనను ఈ సగము మారదు.

ఆవేశములు పెక్కైనచో, వేరువేరుగా లెక్కించి గుర్తులతో కూడవలెను. తలమునకు ఇరువైపుల సమానమైన సజాతి ఆవేశములున్నచో మొత్తము సున్న. విజాతి ఆవేశములైనచో రెండును కలిసిపోవును.

ఈ రెండవ సందర్భమే మన చేలది. తడినేల విద్యుద్వాహకము. మేఘము ఎంత ఎత్తుననున్నదో, నేలక్రింద అంత లోతున విజాతి ఆవేశమున్నట్లు అది ప్రవర్తించును. సగమునకు సగము చేరి, రేఖలన్నియు నేలనే చేరును.

అవి ఎంత దూరము వ్యాపించును? మేఘము క్రింద, దాని ఎత్తే వ్యాసార్ధముగా గీచిన వృత్తములో నూటికి 29 వంతులు మాత్రమే పడును. సగము పడుటకు వ్యాసార్ధము ఎత్తునకు 1.73 రెట్లుండవలెను. ఆవేశము 5 కిలోమీటర్ల ఎత్తున నున్నచో, అది సుమారు 8.7 కిలోమీటర్లు. నిజమైన మేఘమునకు పైభాగమున ధనావేశ ముండును గనుక దానినికూడ ఇట్లే లెక్కించి కలుపవలెను.

పిడుగు ఎచ్చట పడునో ఈ లెక్క చెప్పదు. మేఘప్రభావము మేఘపు నీడతో ముగియదని మాత్రము చెప్పును. మెరుపు కనబడిన 30 సెకనులలోపల ఉరుము వినబడినచో మెరుపు సుమారు 10 కిలోమీటర్లలోపలనే ఉన్నది. తలపైన ఆకాశము నిర్మలముగా నున్నను, కొడవలి దించి, చెట్టుక్రిందికి కాక పక్కా యింటిలోనికి చేరుట మేలు.